సంగీతకర్తల పేర్లు – సంతలోని సరకులు

నవ్వు రెండు విధములు. అన్నవాడును, అనిపించుకొన్నవాడును గూడి నవ్వునది యొకటి. అన్నవాడు నవ్వుచుండగా అనిపించుకొన్నవాడు తల వంచుకొనునది రెండవది. మొదటిది కూరలో వేసిన యుప్పు వంటిది. రెండవది కంటిలో బడిన యుప్పు వంటిది. పదార్థ మొక్కటియే, పడిన చోటు వేఱు. మనుష్యుల పేర్లతో నాడు మాటలాటలలో ఈ రెండు నవ్వులును మిక్కిలి దగ్గఱగా నుండును. వాని నడుమ గట్టు ఎచ్చట నున్నదో విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. విచారణకు పాశ్చాత్య సంగీతకర్తల పేర్లను గైకొనుచున్నాను. ఏలయన ఆ పేర్లతో లోకులు ఆడుకొనిరి. ఆ పేర్లు గలవారును ఆడుకొనిరి. ఒకటి రెండు తావుల ఆ యాట విషముగను మాఱినది. కావున మంచియు చెడ్డయు నొక్క చోటనే కానవచ్చును.

ఇంగ్లీషు తెలిసిన సంగీత విద్యార్థులలో వాడుకయైన చమత్కార మొకటి కలదు. షోపాన్ అను పోలండు విద్వాంసుని (1810–1849) పేరును, లిస్ట్ అను హంగరీ విద్వాంసుని (1811–1886) పేరును ప్రక్కప్రక్కన నుంచి చదివినచో ‘షాపింగు లిస్టు’, అనగా అంగడిలో గొనవలసిన సరకుల పట్టీ యగును. మఱియొక కొంటెవాడు తన తలుపుమీద ‘షోపాన్ బోయితిని, మిన్యుయెట్‌లో బాఖ్’ అని చీటి యంటించి పోవును. మిన్యుయెట్ అనునది యొక నాట్యగతి. అది ‘మినిట్’ అను మాటవలె వినబడును. బాఖ్ అను పేరు ఇంగ్లీషువారి నోట ‘బాక్’ అగును. అంగడికి బోయితిని, నిమిషములో తిరిగి వత్తునని దాని భావము. హాండెల్ అను మహానుభావుని పేరు తలుపు పిడి యగును. ఇట్లు గొప్ప గొప్ప విద్వాంసులందఱును సంచి చేతబట్టి సంతకు బయలుదేఱుదురు.

ఈ చమత్కారము లన్నియు తప్పు పలుకుబడిమీద నిలిచియున్నవి. షోపాన్ పేరు ఫ్రెంచివారి నోట ముక్కుతో ముగియును. అందులో అంగడి లేదు. బాఖ్ పేరు చివర గొంతులో నొరసికొని వచ్చు ధ్వని గలదు. అందులో తిరిగి వచ్చుట లేదు. అయినను నవ్వునకు నిఘంటువు అడ్డు రాదు. చెవి కెట్లు వినబడిన నట్లు నవ్వు పుట్టును.

ఇంగ్లీషు చెవికి నవ్వు దొరకినప్పుడు తెలుగు చెవికి మాత్ర మేల దొరకదు? జర్మనులు మోజార్టును ‘మోట్సార్టు’ అందురు. మన పల్లెటూరి రైతు ఆ మాట విన్నచో నూతికడ మోట తోలు నెడ్లను దలచుకొనును. మన బళ్లలో పలుకునట్లు ‘మోజార్టు’ అన్నచో ‘మోజు’ తలపునకు వచ్చును. ఆ మోజు వినినకొలది పెరుగునే గాని తీఱదు. వెర్డీ యన్న వడ్డీ. షూబర్ట్ అన్న మన సుబ్బారావుగారికి దాయాది. బాఖ్ అన్న బాకా. నిజముగనే ఆయన పండుగ సంగీతములో బాకాలు దిక్కులు మాఱుమ్రోగించును. బాఖ్ అన్న బాకీ యనియు ననవచ్చును. 20 మంది బిడ్డలను గన్న గృహస్థునకు, వారిలో 10 మంది మాత్రమే పెరిగి పెద్దవారైనను, అంగడివాని పద్దు పెద్దదిగానే యుండి యుండును. ఇక వాగ్నర్ అన్నచో ‘వాగు నరుడు’. ఆయన ‘రింగు’ అను నాటకమాల నాలుగు దినములు, మొత్తము సుమారు 15 గంటలు సాగును. 1876లో బైరాయిట్ పట్టణమున దానిని మొట్టమొదట పూర్తిగా ప్రదర్శించిరి. అదియు చాలక సంపుటములకొలది వ్యాసములు వ్రాసెను. తెలుగు చెవి చేసిన నామకరణము అంత తప్పు గాదని తోచును.

ఇట్టి మాటలవలన ప్రయోజన మేమని ఉపాధ్యాయులు కొందఱు విసుగుకొనవచ్చును. ప్రయోజనము గలదు. పరదేశపు పేరు బాలుని నోట నిలువదు. దానికొక తెలిసిన వస్తువును ముడివేసినచో నిలుచును. అయితే ముడివేసిన తరువాత బాలు డచ్చటనే యాగిపోయినచో, పేరు మాత్రము మిగిలి మనుష్యుడు పోవును. పేరు తలుపు వంటిది. తలుపు చూచి నవ్విన నవ్వవచ్చును గాని, తెఱచి లోపలికి పోవలెను.

లోపలికి పోయినచో ఏమి కానవచ్చునో చూతము. మనము కల్పించిన సంతకంటె ఆ పేర్లలో నిజముగా దాగియున్న సంత పెద్దది. హంగరీ భాషలో ‘లిస్ట్’ అనగా పిండి. సరకుల పట్టీయని నవ్విన ఇంగ్లీషువాడు, పట్టీలో వ్రాయదగిన మొదటి సరకే ఆ పేరని యెఱుగడు. చెక్కు దేశపు విద్వాంసుడైన స్మెటానా (1824–1884) పేరునకు వారి భాషలో మీగడ యని యర్థము. స్ట్రౌస్ అను జర్మను మాటకు పూలగుత్తి యనియు, నిప్పుకోడి యనియు రెండర్థములు గలవు. డాన్యూబు నదిపై ప్రసిద్ధమైన నృత్యసంగీతమును గూర్చిన జోహాన్ స్ట్రౌసునకు ఏ యర్థము తగునో చదువరులు తేల్చుకొందురు గాక. వెర్డీ (1813–1901) అనగా ఇటలీ భాషలో ఆకుపచ్చనివి. ఆయన తొలిపేరు గియుసెప్పె, అనగా యోసేపు. కనుక తెలుగున ‘పచ్చల యోసేపు’ అని పిలువవచ్చును. ఆయనకు రెండు శతాబ్దములకు పూర్వమున్న మాంటెవెర్డీ ‘పచ్చకొండ’ వారగుదురు.

సంతకు సరకులే కాక చేతిపనివారును వత్తురు గదా. వాగ్నర్ అనగా బండ్లు చేయు వడ్రంగి. వేబర్ అనగా నేతగాడు. షూబర్ట్ అను పేరు చెప్పులు కుట్టువానికి గల ప్రాచీన జర్మను మాటనుండి పుట్టినది. షూమన్ అను పేరును ఆ వృత్తికి జెందినదే. ఏనాటి తాతయో చేసిన పని మనుమలకు పేరై నిలిచినది. ఆరువందలకు పైగా పాటలు గూర్చి 31 ఏండ్లకే కన్నుమూసిన షూబర్టును (1797–1828) చెప్పులు కుట్టు వంశపు పేరువాడని నేడు తక్కువ చేసి చూచువా డెవ్వడును లేడు. ఆయన తండ్రి బడిపంతులు. తానును కొంతకాలము ఆ బడిలోనే పిల్లలకు అక్షరములు నేర్పెను. ఈ సంగతిని మన విద్యార్థులు మఱవకుందురు గాక.

ఇక బాఖ్ (1685–1750). ఆ పేరునకు జర్మను భాషలో వాగు అని యర్థము, వాన నీటితో బాఱు చిన్న యేఱు. ఆయనను వాగు గాదు, సముద్ర మనవలెనని బీథోవెన్ అన్నట్లు చెప్పుకొందురు. ఇది పేరుతో నాడిన యాటయే; కాని చూడుడు, ఇందులో నవ్వుతోబాటు నమస్కారము గలదు. అన్నవాడు ఆ సంగీతమును చిన్ననాటనే వ్రేళ్లతో వాయించి నేర్చినవాడు. ఎఱిగినవాని చమత్కారమునకును, ఎఱుగనివాని చమత్కారమునకును భేద మిదియే.

ఈ విద్వాంసులు తమ పేర్లతో తామే యాడుకొన్న తీరు ఇంకను మనోహరమైనది. మనకు స, రి, గ, మ యనునవి స్వరముల పేర్లయినట్లే, ఐరోపావారికి ఏ, బీ, సీ మొదలగు అక్షరములు స్వరముల పేర్లు. జర్మనులు మఱియొక యక్షరమును, ‘హెచ్’ అనుదానినిగూడ వాడుదురు. కనుక బాఖ్ పేరులోని నాలుగక్షరములును, బీ, ఏ, సీ, హెచ్, నాలుగు స్వరములే. సీ యను స్వరమును మన షడ్జముగా నెంచినచో, ఆ పేరు కైశికి నిషాదము, చతుశ్రుతి ధైవతము, పై షడ్జము, కాకలి నిషాదము అగును. ‘నిదసని’ యని పాడినచో ఆయనను పేరుపెట్టి పిలిచినట్లే. ఆయన తన కడపటి గ్రంథములలో నొకటియైన ‘ఫ్యూగుకళ’ యందు, అసంపూర్తిగా నిలిచిపోయిన చివరి ఫ్యూగులో, ఆ నాలుగు స్వరములను నేసి తన పేరు తానే వ్రాసికొనెను. 1845లో షూమన్ ఆ స్వరములమీద ఆఱు ఫ్యూగులు గూర్చెను. పిండి యను పేరుగల లిస్టును వాగు పేరుమీద నొక ఘనమైన కృతి వ్రాసెను.

షూమన్ మొదటి ముద్రిత రచనయే యిట్టి మాటలాట. అబెగ్ అను ఇంటిపేరులోని యైదక్షరములను స్వరములుగా మలచి 1830లో నొక రచన గావించెను. మోజార్టు ఉత్తరములలో నప్పుడప్పుడు తన పేరును తలక్రిందులు చేసి ‘ట్రాజొమ్’ అని సంతకము చేసెను. బీథోవెన్ 1825లో తన్ను జూడవచ్చిన కూలౌ అను విద్వాంసుని పేరును రెండుగా విఱిచి, చల్లన, నులివెచ్చన యను రెండు మాటలు చేసి, దానిమీద నొక చిన్న పాట గట్టి పంపెను. అందులో బాఖ్ పేరిటి నాలుగు స్వరములనుగూడ జొనిపెను. ఇంకను పూర్వము, సుమా రైదువందల యేండ్ల క్రిందట, జోస్క్విన్ అను విద్వాంసుడు ఫెరారా ప్రభువగు హెర్క్యులీసుయొక్క పేరులోని అచ్చులను స్వరములుగా మార్చి యొక గొప్ప ఆరాధన సంగీతమునే నిర్మించెను.

మన సంగీతమున దీనికి సోదరి గలదు. ‘స్వరాక్షర’ మను అలంకారములో సాహిత్యమందలి యక్షరమును, దానిని పాడు స్వరమును ఒక్కటియే యగును. ‘పద’ అను మాటను పంచమ ధైవతములమీదను, ‘సరి’ అను మాటను షడ్జ రిషభములమీదను పాడినచో నది స్వరాక్షరము. మన తరగతులలో ‘దాసరి’ యను నింటిపేరు గల బాలుడుండినచో, అతడు జర్మనీలోని బాఖునకు దీసిపోడు. ద, స, రి యని తన యింటిపేరును తానే వీణమీద మీటుకొనవచ్చును.

మన వాగ్గేయకారుల పేర్లలోను సంత గలదు. త్యాగరాజస్వామి (1767–1847) ఇంటిపేరు కాకర్ల. అది యూరి పేరు. అయినను వినినంతనే కాకరకాయ జ్ఞప్తికి రాకపోదు. చేదు పేరుగల యింటినుండి యంత తీపి పుట్టినదని నవ్వుకొనుటలో దోషము లేదు. అన్నమాచార్యులు తాళ్లపాకవారు, తాళ్లతో గట్టిన పాకయని యనుకొనవచ్చును. క్షేత్రయ్య తన పదములందు ‘మువ్వగోపాల’ యను ముద్ర నుంచెను. అది ఆయన గ్రామమగు మొవ్వనుబట్టి వచ్చినదందురు, కాని నాట్యమాడు పాదమున ఘల్లుమను మువ్వయు నందే వినబడును. ఒక్క మాటలో ఊరును, దైవమును, అందెయు నిమిడినవి. చమత్కార మనగా నిది.

ఊరిపేరే యింటిపేరగుట మనకు మాత్రమే గాదు. బీథోవెన్ పేరునకు ముందు ‘వాన్’ అను మాట గలదు. ఆయన తాత నేటి బెల్జియములోని మెచెలెన్ పట్టణమునుండి బాన్ నగరమునకు వచ్చినవాడు. ఆ దేశపు భాషలో ‘వాన్’ అనగా ‘ఫలాని చోటివారు’ అని మాత్రమే యర్థము. మన చీమకుర్తివారు, బెల్లంకొండవారు అన్నట్లే. కాని జర్మను దేశములలో ‘ఫాన్’ అనునది ప్రభువంశమునకు గుర్తు. వియన్నా నగరమున చాలమంది ఆ రెండును ఒక్కటే యనుకొనిరి. తమ్ముని కుమారుని సంరక్షణనుగూర్చిన వ్యాజ్యము ప్రభువంశీయుల న్యాయస్థానములో నడచుచుండగా, 1818 డిసెంబరులో ఆయన కులీనతకు నిదర్శన మేదని న్యాయాధిపతులడిగిరి. చూపుటకు పత్రమేదియు లేకపోయెను. వ్యాజ్యము సామాన్యుల న్యాయస్థానమునకు బంపబడెను. ఆ యవమానము ఆయన మనస్సును మిక్కిలి గాయపఱచినది. తొమ్మిదవ సింఫనీని గూర్చబోవు మనుష్యుని విలువను రెండక్షరముల మాటతో దూచిరి. ఇచ్చట నవ్వు గట్టుదాటుట మొదలిడినది.

పేరునుబట్టి నిజమైన పోరు జరిగిన చమత్కార మొకటి చెప్పి ముందునకు బోవుదును. హాండెల్ జర్మనీలో బుట్టినపుడు ఆయన పేరు ‘హెండెల్’ అని పలుకబడెడిది. జర్మను భాషలో ఆ మాటకు తగవులు అని యర్థము. 1704 డిసెంబరు 5వ తేదీన హాంబర్గు నాటకశాలలో, హార్ప్సికార్డు వాద్యము ముందఱి యాసనము విడువనని హాండెల్ తన మిత్రుడగు మాథెసన్‌తో తగవులాడెను. ఇద్దఱును వెలుపలికి వచ్చి కత్తులు దూసిరి. మాథెసన్ కత్తి హాండెల్ చొక్కాయి లోహపు బొత్తామునకు దగిలి విఱిగెను. ఆ బొత్తామే లేకున్న, 1742లో డబ్లిన్ నగరమున మొదట వినబడిన ‘మెస్సయ్య’ లోకమునకు దక్కెడిది కాదు. ఇద్దఱును త్వరలోనే సమాధానపడి మరల మిత్రులైరి. తరువాత ఇంగ్లండునకు బోయి 1727లో ఆ దేశపు పౌరుడైన హాండెల్, తన పేరులోని యక్షరముమీది రెండు చుక్కలను విడిచెను. తగవులు పోయి, ఇంగ్లీషువారి చెవికి తలుపు పిడి మిగిలెను.

వెర్డీ పేరు వేఱొక విధముగా నుపయోగపడినది. 1859 ప్రాంతమున ఇటలీలో చాలభాగము పరుల పాలనలో నుండెను. ‘ఇటలీ రాజగు విట్టోరియో ఇమాన్యుయెల్’ అను మాటల మొదటి యక్షరములు వారి భాషలో గూర్చినచో వెర్డీ యగును. ప్రజలు గోడలమీద ‘వెర్డీకి జయము’ అని వ్రాసిరి. పాట మెచ్చుకొన్నవారిని పట్టుకొనుట యెట్లు? రెండేండ్లకు, అనగా 1861లో, విట్టోరియో ఇమాన్యుయెల్ ఇటలీకి రాజయ్యెను. రష్యాలో షొస్టకోవిచ్ అను విద్వాంసుని ప్రభుత్వము 1936లోను, 1948లోను బహిరంగముగా నిందించెను. 1953 మార్చిలో స్టాలిన్ మరణించెను. ఆ డిసెంబరులో వినిపించిన పదవ సింఫనీలో ఆయన తన పేరులోని నాలుగక్షరములను స్వరములుగా మాటిమాటికిని మ్రోగించెను. నేనింకను ఉన్నానని చెప్పుట కంతకంటె మంచి మార్గము లేదు. పేరుతో నాడిన యాట బలహీనునకు గూడ బలమగునని దీనివలన దెలియుచున్నది.

ఇక చేదుమాట. క్రిస్మసునాడు మనవారు పాడు ‘దూత పాట పాడుడి’ యను కీర్తనయొక్క వరుస మెండెల్సన్ (1809–1847) 1840లో గూర్చినది. మెండెల్సన్ అనగా మెండెలు కుమారుడని యర్థము. అది యూదుల పేరు. తండ్రి అబ్రహాము కుటుంబమును క్రైస్తవమతములో జేర్చి, బార్తోల్డీ యను క్రొత్త పేరు దెచ్చుకొని, పాతది విడువుమని 1829లో కుమారునకు గట్టిగా వ్రాసెను. పేరు వినినంతనే లోకము మనుష్యుని వెలకట్టునని ఆయన భయము. కుమారుడు తండ్రి మాట త్రోసివేయక క్రొత్త పేరును దగిలించుకొనెను. కాని తత్త్వవేత్తయగు తాతగారి పేరును విడువలేదు. ఆ 1829లోనే, జనులు మఱచియున్న బాఖుయొక్క ‘మత్తయి సువార్త’ సంగీతమును బెర్లినులో వినిపించి, ఎండిన వాగులో మరల నీరు పాఱించినవాడు ఈయనయే.

మెండెల్సన్ మరణించిన మూడేండ్లకు, 1850లో, సంగీతములో యూదులను దూషించు వ్యాస మొకటి వెలువడెను. వ్రాసినవాడు వాగ్నర్. కాని దాని క్రింద నున్నది ఆయన పేరు గాదు, మాఱుపేరు. పరుల పుట్టుకను వేలెత్తి చూపినవాడు తన పేరును దాచుకొనెను! 1869లో గాని తన పేరుతో మరల బ్రకటింపలేదు. ఆ విత్తనము పడిన నేలలో అట్టివే మఱి యెన్నియో పడినవి. 1933లో హిట్లరు పక్షము అధికారమునకు వచ్చిన తరువాత మెండెల్సన్ సంగీతము జర్మనీలో నిషిద్ధమయ్యెను. 1936 నవంబరులో లైప్‌జిగ్ నగరమున ఆయన విగ్రహమును, నగరాధ్యక్షుడగు గోర్డెలర్ ఊర లేని సమయము జూచి, పడద్రోసిరి. గోర్డెలర్ దానిని సహింపక యుద్యోగము విడిచెను. తరువాత హిట్లరు నెదిరించినవారిలో నొకడై 1945లో ఉరికంబ మెక్కెను. ఆ విగ్రహమును పోలిన క్రొత్త విగ్రహము 2008లో ఆ నగరముననే నిలుపబడినది. పేరును జూచి మనుష్యుని జూడకపోవుట యెంతదూరము పోగలదో చూచితిమి.

ఇప్పుడు మన పాఠశాల ముంగిటికి వత్తము. హాజరు పట్టీలో మేకా, నక్కా, పులిపాటి, చీమకుర్తి, వంకాయలపాటి మొదలగు ఇంటిపేర్లు వినబడును. ఉపాధ్యాయుడు పిలువగనే వెనుకబల్లనుండి యొక కూత, యొక నవ్వు. కూసినవానికి నిమిషపు వినోదము. పేరుగలవానికి సంవత్సరమంతయు శిక్ష. ఇంతకంటె హీనమైన యాట మఱియొకటి పెద్దలనుండి పిల్లలు నేర్చుకొనుచున్నారు. ఇంటిపేరు వినినంతనే కులమేదో లెక్కగట్టి, ఆ లెక్కనుబట్టి ప్రక్కన గూర్చుండుటయో, జరుగుటయో. 1895లో వినుకొండలో జన్మించిన జాషువ కవియొక్క యింటిపేరు గుఱ్ఱము. ఆ పేరుమీద చమత్కరించిన నాయన బాధపడెడివాడు కాడేమో. ఆయనను గాయపఱచినది గుఱ్ఱము గాదు, కులమును వెదకు కన్ను. ఆ గాయమునుండియే 1941లో ‘గబ్బిలము’ పుట్టినది.

కావున పేర్లతో నాడుట నెల్ల నిషేధింపవలెనని కొందఱు పెద్దలందురు. ఈ మాటకు నేను సమ్మతింపను. నిషేధించినచో బాఖ్ నాలుగు స్వరములును, క్షేత్రయ్య మువ్వయు నిషిద్ధము లగును. చెడ్డ నవ్వు మాత్రము గోడచాటునకు బోయి అచ్చట బ్రదుకును. పిల్లలు నవ్వుకొన్న నేమి, ఇంతమాత్రమునకు ఉపన్యాస మేల యని మఱికొందఱందురు. ఈ మాటకును సమ్మతింపను. నవ్వబడిన బాలుడు ఇంటికి బోయి, నాన్నా, మన పేరు మార్చుకొనగూడదా యని యడిగిననాడు ఆ తండ్రికి దీని బరువు తెలియును.

నాకు దోచిన మార్గము మూడు ప్రశ్నలు. ఏ పేరుమీద చమత్కరించుటకైనను ముందు బాలుడు వీనిని తన్ను దానడుగుకొనవలెను. ఆ పేరుగలవాడు విని నాతో గూడ నవ్వునా? నవ్విన తరువాత అతనినిగూర్చి యొక్క మంచి సంగతియైన నాకు తెలిసినదా? ఈ మాటక్రింద నా పేరు వ్రాసికొనుటకు నాకు ధైర్యము గలదా? వాగును సముద్ర మనుమన్న చమత్కారము ఈ మూడింటికిని నిలుచును. మాఱుపేరుతో వచ్చిన 1850నాటి వ్యాసము మూడింటిలో నొక్కదానికైనను నిలువదు. వెనుకబల్లనుండి వచ్చు కూత యెన్నింటికి నిలుచునో కూసినవాడే చెప్పవలెను.

ఉపాధ్యాయులకు నొక విన్నపము. హాజరు పట్టీ చదువునపుడు ప్రతి పేరును పూర్తిగను, స్పష్టముగను, గౌరవముతోను బలుకుడు; పంతులు నోట వంకరపోయిన పేరు తరగతిలో నేరుగా నిలువదు. తలిదండ్రులకు నొక విన్నపము. బిడ్డల కింటిపేరుయొక్క కథ చెప్పుడు. ఏ యూరినుండి వచ్చితిమో, తాతముత్తాతలు ఏ పని చేసిరో, ఆ పనిలో సిగ్గుపడదగిన దేదియు లేదో తెలిసిన బిడ్డ యొకరి కూతకు బెదరడు. బండి వడ్రంగి, నేతగాడు, చెప్పులు కుట్టువాడు, వీరి పేర్లే నేడు సంగీతశాలల గోడలమీద బంగారు నీటితో వ్రాయబడియున్నవి.

విద్యార్థులారా, మీకును ఒక పని. షోపాన్, లిస్ట్ అని నవ్వుడు. కాని నవ్విన దినముననే వారి పాట యొక్కటియైన వినుడు. కాకర్ల యని నవ్వుడు. కాని త్యాగరాజస్వామి కీర్తన నొక్కదానిని నేర్వుడు. పిమ్మట మీ యింటిపేరున కర్థ మేమో విచారించి, అందులో దాగిన చమత్కారమును మీరే కనుగొని, మీ చేవ్రాలుతో వ్రాసి, వచ్చే యేటి సంచికకు బంపుడు. తన పేరుమీద తానే నవ్వగలవానిని ఏడ్పించుట యెవ్వరి తరమును గాదు.